బెట్టా వైరసూ కలిసి వచ్చిన చేను

(బాన్సువాడలో చేసిన స్మారకోపన్యాసం)



ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతున్నదో ఆయనను ఈ ప్రాంతంలో పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ ఆయన పెద్దసారే. వ్యవసాయ శాఖలో పనిచేసినన్నాళ్లూ ఆయనకొక పట్టింపు ఉండేది. చేనులోకి దిగి, ఆకు తిప్పి అడుగు భాగం చూడందే మందు పేరు చెప్పేవారు కాదు. ఆకు పసుపు పడటానికి ఎన్నో కారణాలుంటాయి, ఏ కారణమో తేలకుండా రైతుతో డబ్బు ఖర్చు పెట్టించడం తప్పని ఆయన నమ్మకం. ఇవాళ నేను మాట్లాడబోయేది అలాంటి పసుపు ఆకు గురించే.

వాన మొహం చాటేసి మొక్క వాడిపోతున్న సమయంలోనే దానికి వైరస్ తెగులు కూడా సోకితే ఏమవుతుంది? బెట్టను విడిగా, తెగులును విడిగా మనవాళ్లు చాలాకాలంగా పరిశోధిస్తున్నారు. రెండింటి గురించీ లావుపాటి పుస్తకాలున్నాయి. అయితే రెండూ కలిసి వచ్చినప్పుడు మొక్కలో జరిగేది ఆ రెండు నష్టాలనూ కూడితే వచ్చే మొత్తం కాదు. అది మూడో కష్టం, దాని లెక్క వేరు. మన విత్తన పరీక్షలూ మన సిఫార్సులూ ఈ మూడో కష్టాన్ని పట్టించుకోవలసినంతగా పట్టించుకోవడం లేదన్నది నా అభిప్రాయం. అదెందుకో మీ ముందు పెడతాను.

బాన్సువాడలో నిలబడి బెట్ట గురించి చెప్పడమేమిటని కాలువ కింది రైతులు అనుకోవచ్చు. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ ఈ నేలను వరికీ చెరకుకీ పుట్టినిల్లుగా మార్చింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరుగా నిలబడి కట్టించిన ఆ ప్రాజెక్టును 2 లక్షల 75 వేల ఎకరాల ఆయకట్టు కోసం తలపెట్టారు. కానీ మొదట 29 టీఎంసీలకు పైగా ఉన్న దాని నిల్వ పూడిక వల్ల 17.8 టీఎంసీలకు పడిపోయింది. ఎగువన సింగూరు జలాశయం వచ్చాక మంజీర నీటిలో హైదరాబాద్ దాహం వాటా ఇంకా పెరిగింది. 2015–16లో సింగూరు, నిజాంసాగర్ రెండూ అడుగంటిన సంగతి ఇక్కడెవరికీ గుర్తు చేయనక్కరలేదు. ఇక కాలువ ఎక్కని నేల సంగతి అందరికీ తెలిసిందే. పిట్లం, బిచ్కుంద, మద్నూర్, జుక్కల్ వైపు నల్లరేగళ్లలో పెసర, మినుము, సోయా, కంది, పత్తి వానను నమ్ముకునే పెరుగుతాయి. ఉమ్మడి నిజామాబాద్ జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్లు. అంకె చూస్తే బాగానే ఉంటుంది. పైరుకు కావలసింది అంకె కాదు, తడి. నాలుగు రోజుల్లో కుండపోతగా కురిసి, ఆ తర్వాత మూడు వారాలు ఆకాశం తెల్లగా ఉంటే సగటు ఎంతైనా పైరు ఎండుతుంది. ఆ మూడు వారాల్లోనే పురుగు కూడా చేరుతుంది.

నెల వయసున్న పెసర చేనులోకి వెళ్దాం. వాన పడి పదిహేను రోజులు దాటింది, నేల నెర్రెలు విచ్చింది. మధ్యాహ్నం వేళ చూస్తే పెసర ఆకులు అడ్డంగా పరుచుకొని ఉండవు. మూడు రెబ్బలూ పక్కకు తిరిగి, అంచును ఎండకు ఎదురుగా పెట్టుకొని నిలబడతాయి. వేడి తక్కువ తగలడానికి పప్పుజాతి మొక్కలు చేసే ఉపాయం అది. సాయంత్రానికి మళ్లీ మామూలు స్థితికి వస్తాయి. ఇప్పుడు పెద్దసారులా ఒక ఆకును మెల్లగా తిప్పండి. మిల్లీమీటరు పొడవైనా సరిగ్గా లేని తెల్లని రెక్కల పురుగులు గుప్పున లేచి, ఒక చుట్టు తిరిగి, పక్క ఆకు అడుగున వాలతాయి. అదే తెల్లదోమ. కదలకుండా ఆకుకు అంటుకొని లేత పసుపు పొలుసుల్లా కనిపించేవి దాని పిల్లపురుగులు. దోమ సూది లాంటి నోటిని ఆకు ఈనెల్లోకి దించి, మొక్క తయారుచేసుకున్న చక్కెర పారే ఫ్లోయం నాళాల నుంచి రసం పీలుస్తుంది. తెగులు సోకిన మొక్కపై ఒకసారి ఇలా పీల్చిన దోమ, వైరస్‌ను ఒంట్లో పెట్టుకొని రోజుల తరబడి చేనంతా పంచుతూ పోతుంది.

కొత్తగా విచ్చుకున్న రెబ్బ మీద మొదట చిన్న చిన్న పసుపు చుక్కలు పడతాయి. తర్వాతి ఆకు మీద పసుపు, ఆకుపచ్చ మచ్చలు పక్కపక్కన పరుచుకుంటాయి. ఆపై వచ్చే ఆకులు పూర్తిగా పసుపే. కాయలు తగ్గుతాయి, ఉన్నవి పసుపెక్కి వంకర తిరుగుతాయి, గింజ ముడుచుకుపోతుంది. ఇదే పల్లాకు తెగులు. దేశంలో దీన్ని మొదట 1955లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ పొలాల్లో గుర్తించారు. దీనికి కారణమైన వైరస్ ఎంత చిన్నదో చెప్తే ఆశ్చర్యపోతారు. రెండు డీఎన్‌ఏ వలయాలు, ఒక్కొక్కటి సుమారు 2,700 అక్షరాల పొడవు, పట్టుమని పది జన్యువులు కూడా లేవు. అంత చిన్న సమాచారంతోనే మొక్క యంత్రాంగాన్ని తన చేతిలోకి తీసుకుంటుంది.

మొక్క చేతులు కట్టుకొని కూర్చోదు. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

వేళ్ల దగ్గర తడి తగ్గగానే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ పెరుగుతుంది. అది ఆకులోని పత్ర రంధ్రాలను మూయిస్తుంది. నీరు ఆవిరైపోవడం ఆగుతుంది, కానీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావడమూ ఆగుతుంది, చక్కెర తయారీ పడిపోతుంది. చెమట పట్టడం ఆగిన ఆకు వేడెక్కుతుంది కూడా. నీళ్లు లేనప్పుడు బతకడానికి మొక్క కట్టే మూల్యం ఇది.

వైరస్ వచ్చినప్పుడు మోగే గంట వేరు. దాని పేరు సాలిసిలిక్ ఆమ్లం. తెగులు సోకిన చోటు నుంచి మిగతా ఆకులకు హెచ్చరిక పంపి, రక్షణ ప్రొటీన్లను సిద్ధం చేయించేది ఇదే. దీనికి తోడు మొక్కకు మరో ఆయుధం కూడా ఉంది. వైరస్ జన్యు సందేశాన్ని గుర్తుపట్టి ముక్కలు ముక్కలుగా కోసేస్తుంది. దీన్ని ఆర్‌ఎన్‌ఏ సైలెన్సింగ్ అంటారు. వైరస్ ఆ కత్తినే మొద్దుబార్చే ప్రొటీన్లు తయారుచేసుకుంటుంది. పోరు రోజుల తరబడి నడుస్తుంది.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఈ రెండు హార్మోన్ల మాటలూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. అబ్సిసిక్ ఆమ్లం ఎక్కువైనప్పుడు సాలిసిలిక్ ఆమ్లం మార్గం చాలాసార్లు అణిగిపోతుంది. ఒకే కాలువ నీటిని ఎగువ మడికీ దిగువ మడికీ ఒకేసారి నిండుగా పారించలేం కదా, మొక్క దగ్గరున్న బలమూ అంతే. నీళ్లు కాపాడుకోవడంలో తలమునకలైన మొక్క తెగులు మీద పోరాటంలో వెనకబడుతుంది. మరోవైపు, అదే అబ్సిసిక్ ఆమ్లం కణానికీ కణానికీ మధ్య ఉండే సన్నని దారులను కాలోజ్ అనే పదార్థంతో బిగించి, కొన్ని వైరస్‌లు ముందుకు కదలకుండా ఆపిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి బెట్ట వస్తే తెగులు తప్పకుండా పెరుగుతుందనీ చెప్పలేం, తగ్గుతుందనీ చెప్పలేం. ఏది ముందు వచ్చింది, ఎంతకాలం ఉంది, మొక్క ఏ వయసులో ఉంది అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది.

తెగులే ముందు వచ్చిందనుకోండి. వైరస్ ఫ్లోయంలో తిష్ఠ వేస్తే ఆకులో తయారైన చక్కెర కిందికి దిగదు. ఆకులో పిండి పేరుకుపోతుంది, వేరు మాత్రం పస్తుంటుంది. పస్తున్న వేరు లోతుకు పోదు. ఆ తర్వాత వచ్చే పది రోజుల ఎండను పక్క చేనులోని ఆరోగ్యమైన మొక్క తట్టుకుంటే, ఇది తట్టుకోలేకపోతుంది. చూసేవాళ్లకు బెట్ట వల్ల ఎండినట్టే కనిపిస్తుంది. అసలు దెబ్బ అంతకు ముందే పడింది.

మొక్క లోపలి సంగతి ఇది. చేను స్థాయిలో జరిగేది ఇంకా ముఖ్యమని నేననుకుంటాను, ఎందుకంటే మన చేతికి అందేది అక్కడే.

రసం పీల్చే పురుగులకు బెట్ట మంచిదా చెడ్డదా అన్నదాని మీద కీటక శాస్త్రవేత్తలు చాలాకాలం వాదించుకున్నారు. వాడిన మొక్కలో అమైనో ఆమ్లాలు చిక్కబడతాయి, పురుగుకు మంచి తిండి దొరుకుతుంది అన్నది ఒక వాదం. రసమే సరిగా పారకపోతే తిండి ఎక్కడిది అన్నది రెండో వాదం. అమెరికా శాస్త్రవేత్తలు హ్యుబర్టీ, డెన్నో అప్పటివరకు జరిగిన ప్రయోగాలన్నీ పరిశీలించి 2004లో ఒక తీర్పు చెప్పారు. ఎడతెగని బెట్ట ఈ పురుగులకు చెరుపే చేస్తుంది. మధ్యమధ్య తడి తగిలి మొక్క తేరుకుంటూ, మళ్లీ వాడిపోతూ ఉంటేనే వాటికి పండగ. వాడినప్పుడు రసంలో చిక్కబడిన పోషకాలు, తేరుకున్నప్పుడు మళ్లీ పారే రసంలో వాటికి అందుతాయి. ఈ మాట చదివినప్పుడు నాకు కళ్ల ముందు మెదిలింది మన వానాకాలమే. మన ఖరీఫ్‌లో ఎడతెగని కరువు అరుదు. ఒక వాన, పదిహేను రోజుల ఎండ, ఒక జల్లు, మళ్లీ ఎండ, ఇదే మనకు ఎక్కువగా కనిపించే వరస. పైగా గట్టి వాన పడితే తెల్లదోమ, తామర పురుగులు చాలావరకు కొట్టుకుపోతాయి. సన్నని జల్లుకు ఆ బలం ఉండదు, మొక్కను తేరుకోనిచ్చి పురుగును ఉండనిస్తుంది.

ఇంకో సంగతి ఉంది. విత్తిన వెంటనే బెట్ట వస్తే మొలక సరిగా రాదు, చేను సందులు పడుతుంది. ఎగిరివచ్చే తామర పురుగు, పేనుబంక, తెల్లదోమ లాంటివి కింద నేలరంగు కనిపిస్తూ అక్కడక్కడ పచ్చగా ఉన్న మొక్కల మీద ఎక్కువగా వాలతాయి. నేల కనిపించకుండా చేను కమ్ముకుంటే తక్కువగా వాలతాయి. వేరుశనగలో మొవ్వుకుళ్లు తెగులు మీద పనిచేసిన పటాన్‌చెరు ఇక్రిశాట్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అందుకే ఒత్తుగా విత్తమన్నారు. బెట్ట మొక్కను తాకకముందే, మొలకల సంఖ్యను తగ్గించడం ద్వారా వైరస్‌కు దారి తెరుస్తుందన్నమాట. హార్మోన్లు, జన్యువులు ఏవీ అక్కరలేని సంబంధం ఇది. ప్రయోగశాలలో కుండీకి ఒక మొక్క పెట్టి చూసేవాళ్లకు ఎప్పటికీ కనిపించదు.

తెలుగు నేల మీద ఈ సంగతులన్నీ ఒకచోట కుప్పపడిన సందర్భం 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వచ్చింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా అది, వేరుశనగే బతుకు. ఆ ఏడు వేరుశనగ చేలల్లో లేత ఆకుల మీద ఎండుమచ్చలు పడ్డాయి, ఆ ఎండు ఆకు కాడలోకి, అక్కణ్ణుంచి కాండంలోకి దిగింది, మొక్కలు నిలువునా చచ్చాయి. దాదాపు 2 లక్షల 25 వేల హెక్టార్లలో, అంటే అయిదున్నర లక్షల ఎకరాల్లో పంట దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలకు పైగా అని అంచనా కట్టారు. పైకి చూస్తే పాత మొవ్వుకుళ్లు తెగులులాగే అనిపించే జబ్బు. ఇక్రిశాట్, హైదరాబాద్‌లోని జాతీయ మొక్కల జన్యువనరుల బ్యూరో కేంద్రం శాస్త్రవేత్తలు కలిసి పరీక్షిస్తే ఇది టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేలింది. వేరుశనగ మీద దీన్ని మన దేశంలో గుర్తించడం అదే మొదలు. అంతకు ముందు 1997లో కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతంలో పొద్దుతిరుగుడును చంపిన నెక్రోసిస్ తెగులుకు కూడా ఈ వైరసే కారణం.

ఇది వచ్చిన దారి వింటే గట్ల మీది కలుపును మీరు మళ్లీ ఎప్పుడూ తేలిగ్గా తీసుకోరు. వయ్యారిభామ మొక్కలో ఈ వైరస్ ఏ లక్షణమూ చూపకుండా బతుకుతుంది. మొక్క నవనవలాడుతూ ఉంటుంది, పూస్తుంది, దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. తామర పురుగు ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకొని వేరుశనగ ఆకు మీదికి వస్తుంది. ఆకును గీరి తింటుంది. ఆ గీరుడు గాయంలోంచి పుప్పొడిలోని వైరస్ లోపలికి పోతుంది. తొలకరి జల్లులకే వయ్యారిభామ మొలుస్తుంది, త్వరగా పూతకొస్తుంది. తర్వాత వాన ఆగినా అది ఎండదు, పూస్తూనే ఉంటుంది. తామర పురుగులు పొడి వాతావరణంలో పెరుగుతాయి. పైరు మాత్రం అదే సమయంలో వాడి ఉంటుంది. వైరస్ ఉండే కలుపు, మోసే పురుగు, తట్టుకోలేని పైరు, మూడింటినీ ఒకే వారంలో ఒకచోటికి చేర్చే పని వాన విరామం చేస్తుంది. ఇక్కడ బెట్ట అంటే మొక్కకు నీళ్లు తక్కువవడం ఒక్కటే అనుకుంటే పొరపాటు. తెగులుకు కావలసిన సరంజామా అంతా అదే సమకూర్చి పెడుతుంది.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్న ఒక ఫలితం చెప్పాలి. దాచిపెట్టి మాట్లాడితే పెద్దసారు పేరిట జరిగే సభలో నిలబడే అర్హత ఉండదు. 2008లో అమెరికాలోని ఓక్లహోమాలో నోబుల్ ఫౌండేషన్‌లో పింగ్ షూ, మారిలిన్ రూసింక్ బృందం వరి, టమాటా, దోస, పుచ్చ, బీట్ లాంటి మొక్కలకు రకరకాల వైరస్‌లు ఎక్కించి, తర్వాత నీళ్లు ఆపేసింది. వైరస్ సోకిన మొక్కలు ఆరోగ్యమైన వాటికంటే ఆలస్యంగా వాడాయి. వాటి కణాల్లో నీటిని పట్టి ఉంచే చక్కెరలు, అమైనో ఆమ్లాలు ముందే పేరుకొని ఉన్నాయి. 2021లో స్పెయిన్‌లో రూబెన్ గొంజాలెజ్, శాంటియాగో ఎలీనా ఇంకో అడుగు వేశారు. బెట్టలో ఉంచిన మొక్కల మీదే టర్నిప్ మొజాయిక్ వైరస్‌ను తరాల తరబడి పెంచితే, ఆ వైరస్ మొక్క బెట్టను తట్టుకోవడానికి సాయపడేదిగా మారుతూ వచ్చింది. చంపవలసిన వైరసే సాయం చేసిందన్న వార్త పత్రికల్లో బాగా తిరిగింది.

ఇది నిజమైన శాస్త్రం, గొప్ప శాస్త్రం. అయితే రైతు ముందు చెప్పేటప్పుడు ఒక మాట కలపాలి. ఆ ప్రయోగాల్లో మొక్క ఎన్నాళ్లు వాడకుండా నిలిచిందో చూశారు. మనకు కావలసింది గింజ. ఈ తేడా మన కంది రైతుకు చెప్పనక్కరలేదు. కందిలో వెర్రి తెగులు సోకిన మొక్కను ఫిబ్రవరిలో చూడండి. చుట్టూ మొక్కలు కాయ ముదిరి ఎండుతుంటే అదొక్కటే గుబురుగా, పచ్చగా నిలబడి ఉంటుంది. దగ్గరికి పోతే పువ్వూ లేదు, కాయా లేదు. కంటికి ఆనని నల్లి మోసుకొచ్చే ఆ తెగులుకు కారణమైన వైరస్‌ను 2000 ప్రాంతంలో గాని పట్టుకోలేకపోయారు, పట్టుకున్నది మన పటాన్‌చెరు ఇక్రిశాట్, స్కాట్లాండ్ శాస్త్రవేత్తలు కలిసి. బతికి ఉండటం వేరు, పండటం వేరు. వైరస్ బెట్టకు మందు అన్న శీర్షిక ఎక్కడైనా కనిపిస్తే, గింజ ఎంత వచ్చిందో అడగండి.

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ప్రాష్, సోన్నెవాల్డ్ 2013లో ప్రచురించిన పని మన పరిస్థితికి ఎక్కువ దగ్గరగా ఉందని నా లెక్క. వాళ్లు అరబిడాప్సిస్ అనే చిన్న ఆవజాతి మొక్కకు వేడి, బెట్ట, టర్నిప్ మొజాయిక్ వైరస్ మూడింటినీ విడివిడిగానూ కలిపీ పెట్టి, జన్యువులు ఎలా పలుకుతున్నాయో చూశారు. వైరస్ ఒక్కటే ఉన్నప్పుడు మేలుకునే రక్షణ జన్యువుల్లో చాలా భాగం, వేడీ బెట్టా తోడైతే మేలుకోలేదు. మొక్క తెగులుకు ఇంకా సులువుగా లొంగింది. విడివిడి ప్రయోగాల ఫలితాలు పక్కపక్కన పెట్టి కూడితే ఈ సంగతి ముందుగా చెప్పగలిగేవాళ్లు కాదు. అంతకు కొన్నేళ్ల ముందే, 2006లో, మొక్కల శాస్త్రవేత్త రాన్ మిట్లర్ ఈ మాటే గట్టిగా రాశారు. పొలంలో కష్టాలు జతలు జతలుగా వస్తాయి, ఆ జతను ఒక కొత్త కష్టంగానే చదవాలి అని ఆయన వాదం. మన దేశంలో ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు పరిశోధన సంస్థలో ముత్తప్ప సెంథిల్‌కుమార్ బృందం ఈ దారిలో పనిచేస్తున్నది. శనగలో బెట్టకు తోడయ్యే ఎండు వేరుకుళ్లు మీద వాళ్ల పని మన రబీ రైతులకు నేరుగా పనికొచ్చేది. అది శిలీంధ్రం వల్ల వచ్చే తెగులు, మన ఇవాళ్టి విషయం వైరస్ కనుక అంతవరకే చెప్పి ఆగుతాను.

మరి మన విత్తనాలు ఎలా ఎంపికవుతున్నాయి? బెట్టను తట్టుకునే రకాలను వెతికే మడిలో పురుగుకు మందు కొట్టి తెగులు రాకుండా చూస్తారు. దిగుబడి తగ్గితే అది నీళ్లు లేకనే తగ్గిందని రుజువు కావాలి గనుక. పల్లాకును తట్టుకునే రకాలను వెతికే మడిలో తెగులుకు త్వరగా లొంగే రకాన్ని వరుసల మధ్య వేసి, తెల్లదోమను రప్పించి, పైరును నీళ్లతో బాగా పెంచుతారు. ఎండితే తెగులు కనబడదు గనుక. రెండు పద్ధతులూ వాటి లెక్కలో సరైనవే. రెండింటిలోనూ నెగ్గిన విత్తనం రైతు చేతికి రెండు కితాబులతో వస్తుంది. రెండూ ఒకేసారి మీద పడితే ఏం చేస్తుందో ఆ కితాబుల్లో ఉండదు. వరంగల్ కేంద్రం ఇచ్చిన పెసర డబ్ల్యూజీజీ-42, మనం యాదాద్రి అంటున్నది, పల్లాకును బాగా తట్టుకుంటున్నది. మినుములో పీయూ-31 అలాంటిదే. తక్కువ కాలంలో కోతకొస్తాయి గనుక చివరి బెట్టనుంచీ కొంత తప్పించుకుంటాయి. ఈ రకాల మీద నాకు గౌరవం ఉంది, వాటిని వేయమనే చెప్తాను. సోయాలో మాత్రం 1994 నాటి జేఎస్-335 చాలా ఏళ్లు మన నేలను ఏలింది, పల్లాకుకు అది సులువుగా లొంగుతుంది. దాన్ని వదులుకోవడానికి మనం ఇంత ఆలస్యం చేసి ఉండకూడదు.

సలహాల సంగతి ఇంకా చిక్కు. వైరస్‌కు చెప్పే సలహాలూ బెట్టకు చెప్పే సలహాలూ కొన్నిచోట్ల ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. పురుగు వాలకుండా ఒత్తుగా విత్తమని తెగులు శాస్త్రవేత్త అంటాడు. ఉన్న తడి అందరికీ సరిపోవాలంటే పలచగా విత్తమని మెట్ట సేద్యం శాస్త్రవేత్త అంటాడు. పురుగు పెరగకముందే పైరు ఎదగాలంటే తొలకరికే విత్తాలి. నేల బాగా తడిస్తేనే విత్తాలన్నది రెండో సలహా. తెగులు మొక్కలను కనబడగానే పీకేయమంటారు. మొలకే సరిగా లేని చేనులో పీకుతూ పోతే సందులు పెద్దవై కొత్త పురుగుకు స్వాగతం పలికినట్టవుతుంది. వాడిన పైరు తేరుకోవడానికి యూరియా పిచికారీ చేయమంటారు. నత్రజని ఎక్కువైన లేత ఆకు తెల్లదోమకు ఇష్టమైన తిండి. ఒక రైతు ఇద్దరు అధికారులను అడిగి రెండు ఎదురు సలహాలతో ఇంటికి పోతే, తప్పు రైతుదీ కాదు, ఆ అధికారులదీ కాదు. ఆ రెండింటినీ ఒకే చేనులో పెట్టి ఎవరూ పరీక్షించలేదు.

నన్నడిగితే ఇవాళ ఉన్న జ్ఞానంతో చెప్పగలిగినవి ఇవి. బెట్టకైనా తెగులుకైనా రెండింటికీ పనికొచ్చే పనులు ముందు చేయండి. గట్ల మీద, బాటల పక్కన వయ్యారిభామను పూతకు రాకముందే ఊరంతా కలిసి పీకాలి. ఒక్క చేను రైతు పీకితే లాభం లేదు, పుప్పొడికి గట్లు అడ్డం కావు. విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ పట్టించి వేస్తే మొదటి మూడు వారాల లేత మొక్కకు రక్షణ దొరుకుతుంది. లేతగా ఉన్నప్పుడు సోకిన తెగులే ఎక్కువ నష్టం చేస్తుంది గనుక ఆ మూడు వారాలు చాలా విలువైనవి. చేను చుట్టూ జొన్నో సజ్జో మొక్కజొన్నో నాలుగు వరుసలు ముందే వేస్తే ఎగిరివచ్చే పురుగులో కొంత అక్కడే ఆగుతుంది, వేడిగాలీ కొంత తగ్గుతుంది. పసుపు జిగురు అట్టలు పెట్టుకుంటే దోమ ఎప్పుడు పెరుగుతున్నదో కళ్లకు కనబడుతుంది. వాన ఆగిన వారానికే గుంటక తోలి పై మట్టిని గుల్ల చేస్తే తడి నిలుస్తుంది, కలుపూ పోతుంది. వాడిన పైరుకు పిచికారీ చేయాలనుకుంటే, తెల్లదోమ ఉన్న చేనులో యూరియా బదులు పొటాషియం నైట్రేట్ లీటరుకు 10 గ్రాముల చొప్పున వాడటం మేలని నా అభిప్రాయం. కాలువ కింది రైతులు అదృష్టవంతులు, వాళ్లకు ఒక పని ఎక్కువుంది. వరి తర్వాత పెసర వేసేవారు ఒక్క తడి ఇవ్వగలిగితే పూతకు ముందు ఇవ్వండి.

ఇక మన సంస్థలకు ఒక విన్నపం. ఇక్కడికి దగ్గరలోనే రుద్రూరులో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉంది, కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. జగిత్యాల పొలాసలో పెద్ద పరిశోధన కేంద్రం ఉంది. పప్పుధాన్యాల పని వరంగల్, మధిరల్లో ఏళ్లుగా జరుగుతున్నది. అడుగుతున్నది కొత్త భవనాలూ కొత్త పథకాలూ కాదు. తెగులు మడి పక్కనే అదే రకాలతో ఇంకో మడి వేసి, పూతకు ముందు మూడు వారాలు నీళ్లు ఆపి, వైరస్‌నూ ఉంచి, గింజ తూకం వేయండి. తెగులు ఒక్కటే ఉన్న మడిలో, బెట్ట ఒక్కటే ఉన్న మడిలో, రెండూ ఉన్న మడిలో ఏ రకం ఎంత నిలిచిందో ఒక్క పట్టికగా విడుదల చేయండి. మొక్క ఎంత పచ్చగా ఉందో కాక గింజ ఎంతో చూడండి. జుక్కల్, మద్నూర్ రైతుల చేలల్లో కూడా ఈ పరీక్ష జరగాలి. నల్లరేగడిలో తడి నిలిచే తీరు ఎర్ర చెల్కలో ఉండదు గనుక ఫలితమూ మారుతుంది.

ఇక్కడున్న విద్యార్థులకు చివరిగా ఒక మాట. ఈ వానాకాలం మీ ఊళ్లో ఒక పెసర చేను ఎంచుకోండి. వారానికోసారి వెళ్లి వాన ఎప్పుడు పడిందో, ఎన్ని రోజులు ఆగిందో, గజం వరుసలో ఎన్ని మొక్కలున్నాయో, ఆకు తిప్పితే ఎన్ని దోమలు లేచాయో, ఎన్ని మొక్కలు పసుపెక్కాయో ఒక నోటుబుక్కులో రాయండి. కోతప్పుడు పసుపెక్కిన మొక్కల గింజను, ఎక్కని మొక్కల గింజను విడిగా తూచి అదే పుస్తకంలో వేయండి. దాన్ని తీసుకొని రుద్రూరు కేంద్రానికి వెళ్లండి. వచ్చే ఏడాది ఈ వేదిక మీద ఆ నోటుబుక్కులోని అంకెలతో మీలో ఒకరు మాట్లాడాలని నా కోరిక.